సెడాన్ మన ఇంటికి సరిపోతుందా? టేపు, తాడు పట్టుకుని తేల్చుకోండి

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి: ఐదు మీటర్ల కొలత టేపు, మూడు మీటర్ల నైలాన్ తాడు, నడుమెత్తు కర్రలు రెండు, పెన్ను, కాగితం. షోరూంకి వెళ్లే రోజున ఇంట్లో ఉన్న సూట్‌కేసుల్లో పెద్దది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా మీతో రావాలి. సెడానా (వెనక డిక్కీ విడిగా ఉన్న కారు), ఎస్‌యూవీనా (ఎత్తు బండి), హ్యాచ్‌బ్యాక్ (డిక్కీ బయటికి పొడుచుకురాని చిన్న కారు) చాలా అన్న ప్రశ్నకు జవాబు సగం మీ సెల్లార్ ర్యాంపు దగ్గరే తేలిపోతుంది. మిగతా సగం వెనక సీట్లో తేలుతుంది.

ఈ మధ్య సెడాన్‌ను చూడకుండానే పక్కన పెట్టేస్తున్నారు. "కింద తగులుతుంది" అని ఎవరో ఒకరు అంటారు, అక్కడితో ఆ ముచ్చట ముగుస్తుంది. కొన్ని ఇళ్లకు ఆ మాట నిజమే. చాలా ఇళ్లలో మాత్రం ఎవరూ కొలిచి చూడలేదు. ఎస్‌యూవీతో పోలిస్తే సెడాన్‌లో అదే ఇంజన్, దాదాపు అదే ధర, కానీ తక్కువ పెట్రోలు, పెద్ద డిక్కీ, మలుపుల్లో తక్కువ ఊపు. ఇవన్నీ కొలవకుండా వదులుకోవడం తప్పు.

1. నెల రోజుల ప్రయాణాల చిట్టా రాయండి

ప్రతి ప్రయాణానికీ మూడే మూడు అంకెలు రాయండి: ఎంతమంది ఎక్కారు, ఎన్ని కిలోమీటర్లు, అందులో హైవే ఎంత. ఇప్పుడు కారు లేకపోతే ఆటో, క్యాబ్, బస్సు ప్రయాణాలు రాసుకోండి. నెలాఖరున చిట్టా చూస్తే మీకే అర్థమవుతుంది.

నలుగురు, అంతకన్నా తక్కువ మంది ఎక్కువసార్లు తిరుగుతూ, కిలోమీటర్లలో సగానికి పైగా హైవే అయితే సెడాన్‌నే ముందు చూడాలి. ఐదుగురు పెద్దవాళ్లు నెలకు రెండుసార్లకు మించి వెళ్తుంటే నాలుగు మీటర్లలోపు కార్లు ఏ ఆకారానివైనా ఇరుకే. చిన్న సెడాన్ డిజైర్ వెడల్పు 1735 మి.మీ. మాత్రమే, వెనక మధ్యలో కూర్చున్నవాళ్లు భుజాలు ముందుకు వంచుకోవాల్సిందే. ఆరుగురు, ఏడుగురు మామూలైపోతే ఎర్టిగా లాంటి ఎంపీవీ (మూడు వరసల సీట్ల కారు) తప్ప వేరే దారి లేదు. రోజూ ఊళ్లోనే, ఒకరిద్దరే, పార్కింగ్ ఎక్కడ దొరికితే అక్కడ అంటే హ్యాచ్‌బ్యాక్ చాలు. స్విఫ్ట్ హ్యాచ్‌బ్యాక్ పొడవు 3860 మి.మీ., వెర్నా సెడాన్ 4535 మి.మీ. సందులో బండి తిప్పేటప్పుడు ఆ రెండడుగుల తేడా తెలిసొస్తుంది.

ఏడాదికి ఒకసారి తిరుపతికో, పెళ్లికో ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లే ప్రయాణాన్ని చిట్టాలో కలపకండి. ఆ రెండు రోజులకు ఇన్నోవా అద్దెకు తీసుకుంటే సరిపోతుంది. ఆ రెండు రోజుల కోసం మిగతా 363 రోజులు పెద్ద బండిని మోయనక్కర్లేదు.

2. మీ దారిలో అన్నిటికన్నా చెడ్డ చోటును కొలవండి

మంచి రోడ్డు మీద ఏ కారైనా వెళ్తుంది. వారానికి ఒక్కసారైనా తప్పకుండా దాటాల్సిన చెడ్డ చోటు ఏదో గుర్తించండి. సెల్లార్ ర్యాంపు పైఅంచు, కాలనీవాళ్లే పోసుకున్న సిమెంటు స్పీడ్ బ్రేకర్, ఊరి పొలిమేరలో చప్టా, ట్రాక్టరు చక్రాల గాడుల మధ్య పెరిగిన మట్టి దిబ్బ, ఇలా ఏదో ఒకటి ఉంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం వేసిన స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉంటుంది. దాని మీద ఏ సెడానూ తగలదు. తగిలేవన్నీ కాలనీల్లో, పల్లెల్లో అడుగున్నర వెడల్పుతో నిట్టనిలువుగా పోసినవే.

గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి కడుపుకూ మధ్య ఎత్తు, ఆ అంకె ఒక్కటే చూస్తే మోసపోతారు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, అంటే వీల్‌బేస్, ఎంత ఎక్కువైతే బండి కడుపు దిబ్బకు అంత సులువుగా ఆనుతుంది. హోండా సిటీ క్లియరెన్స్ 165 మి.మీ., వీల్‌బేస్ 2600. డిజైర్‌ది 163, 2450. అంకెల్లో సిటీయే రెండు మిల్లీమీటర్లు ఎత్తు. కానీ దిబ్బ దాటే కోణం (ఇది ఎంత పెద్దదైతే కడుపు అంత తగలకుండా దాటుతుంది) లెక్క వేస్తే డిజైర్‌కు సుమారు 15.2 డిగ్రీలు, సిటీకి 14.5 డిగ్రీలు వస్తుంది. వర్టస్, స్లావియా సెడాన్లకు 179 మి.మీ. ఉంది కాబట్టి వీల్‌బేస్ 2651 అయినా సుమారు 15.4 డిగ్రీలు వస్తుంది. ఎస్‌యూవీ అయిన బ్రెజాకు 198 మి.మీ., 2500 వీల్‌బేస్‌తో 18 డిగ్రీలు. ఎస్‌యూవీకి ఉన్న అసలు ఆధిక్యం ఈ మూడు డిగ్రీలే. మీ దారికి అది అవసరమా లేదా అన్నదే ప్రశ్న.

దాన్ని తాడుతో తేల్చవచ్చు. కర్రలు రెండింటి మీదా కింద నుంచి 14 సెం.మీ. ఎత్తున గీత పెట్టండి. బ్రోచర్‌లో 165 అని ఉన్నా, నలుగురు ఎక్కి సామాను పెడితే బండి రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, వెనక వైపు ఇంకా ఎక్కువ. అందుకే 14. మీరు చూస్తున్న కారు వీల్‌బేస్ ఎంతో, తాడు అంత పొడవుండేలా గీతల దగ్గర కట్టండి. ఇద్దరు చెరో కర్రా పట్టుకుని, తాడు బిగుతుగా ఉంచి, కర్రలు నేలకు ఆనిస్తూ స్పీడ్ బ్రేకర్ మీదుగా జానెడు జానెడు జరగండి. తాడు ఎక్కడైనా సిమెంటుకు తగిలితే నిండు బండి కూడా అక్కడ తగులుతుంది. తర్వాత గీతను 17 సెం.మీ.కు మార్చి, తాడును ఎస్‌యూవీ వీల్‌బేస్‌కు సరిచేసి మళ్లీ చూడండి. రెండుసార్లూ తగలకపోతే ఆ భయాన్ని పక్కన పెట్టేయవచ్చు. 14 దగ్గర తగిలి 17 దగ్గర తగలకపోతే మీకు నిజంగానే ఎత్తు బండి కావాలి. రెండింటికీ తగిలితే బండి మార్చడం కన్నా మేస్త్రీని పిలిచి ఆ అంచు చెక్కించడం చవక. సెల్లార్ ర్యాంపు అయితే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకుంటే అది సగం రోజు పని.

ర్యాంపు కింది అంచు దగ్గర సమస్య వేరు. అక్కడ తగిలేది కడుపు కాదు, ముందు బంపరు. ర్యాంపు మీద మీటరు పొడవున్న చెక్కను అడ్డంగా, నేలకు సమంగా పట్టుకుని, అంత దూరంలో నేల ఎన్ని సెంటీమీటర్లు లేచిందో కొలవండి. 20 సెం.మీ. లేచిందంటే వాలు 0.20. షోరూంలో బంపరు కింది అంచు ఎత్తును, ముందు టైరు నేలను ఆనే చోటు నుంచి ఆ అంచు వరకు ఉన్న దూరంతో భాగించండి. ఎత్తు 18, దూరం 75 అయితే 0.24. ఇది ర్యాంపు వాలు కన్నా పెద్దదిగా ఉండాలి, కనీసం 0.03 తేడా మిగలాలి. ఎందుకంటే దిగేటప్పుడు బ్రేకు వేస్తే బండి ముక్కు కిందికి వంగుతుంది.

3. పన్ను గీత ఎక్కడుందో తెలుసుకోండి

మన దేశంలో కారు ఆకారాన్ని పన్ను చాలావరకు నిర్ణయించింది. పొడవు 4000 మి.మీ. లోపు, పెట్రోలు ఇంజన్ 1200 సీసీ లోపు, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఉంటే చిన్న కారు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కారుకు జీఎస్‌టీ 18 శాతం, ఈ హద్దులు దాటిన పెట్రోలు, డీజిల్ కార్లకు 40 శాతం. డిజైర్, అమేజ్, ఆరా, టిగోర్ ఈ గీతకు లోపలున్నాయి. సిటీ, వెర్నా, వర్టస్, స్లావియా బయట ఉన్నాయి. మొదటి తరం డిజైర్ 4160 మి.మీ. ఉండేది, 2012లో తోక కత్తిరించి 3995కు తెచ్చింది ఈ గీత కోసమే. చిన్న సెడాన్ల డిక్కీ పొట్టిగా, అతికించినట్టు కనబడటానికి కారణం అదే.

లైఫ్ ట్యాక్స్ కూడా మన రెండు రాష్ట్రాల్లోనూ ధరను బట్టి మెట్లు మెట్లుగా పెరుగుతుంది, 10 లక్షల దగ్గర ఒక మెట్టు ఉంది. అందుకని ధరలు పోల్చేటప్పుడు ఎక్స్‌షోరూం అంకెలు పోల్చకండి. రెండు కార్లకూ లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపిన ఆన్‌రోడ్ కొటేషన్ కాగితం మీద రాయించుకోండి.

4. ఒకే ఇంజనున్న జంటలను పోల్చండి

సెడాన్‌నూ ఎస్‌యూవీనీ పోల్చాలంటే ఆకారం తప్ప మిగతావన్నీ ఒకటిగా ఉండాలి. అలాంటి జంటలు మన మార్కెట్లోనే ఉన్నాయి (ముందున్నది సెడాన్, తర్వాతది ఎస్‌యూవీ): సిటీ–ఎలివేట్, వెర్నా–క్రెటా, వర్టస్–టైగున్, స్లావియా–కుషాక్.

సిటీ, ఎలివేట్ రెండింటిలోనూ అదే 1498 సీసీ పెట్రోలు ఇంజన్. కంపెనీ చెప్పే మైలేజీ మాన్యువల్‌లో లీటరుకు సిటీకి 17.8 కిలోమీటర్లు, ఎలివేట్‌కు 15.31. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగితే 137 లీటర్ల తేడా. లీటరు 108 రూపాయలు అనుకుంటే దాదాపు 14,800 రూపాయలు. వెర్నా 1.5 మాన్యువల్ 18.6, క్రెటా 17.4. ఇక్కడ తేడా 56 లీటర్లు, సుమారు 6,000 రూపాయలు. రోడ్డు మీద వచ్చే మైలేజీ రెండింటికీ తగ్గుతుంది.

ఈ తేడాకు పెద్ద కారణం గాలి. వెర్నా ఎత్తు 1475 మి.మీ., క్రెటా 1635. వెడల్పుతో కలిపి చూస్తే క్రెటా గాలికి చూపే ముఖం సుమారు 12 శాతం పెద్దది. గాలి అడ్డు వేగానికి వర్గంలా పెరుగుతుంది, అంటే 80 నుంచి 120కి వెళ్తే రెండుంపావు రెట్లు. కాబట్టి అమీర్‌పేట ట్రాఫిక్‌లో నిలబడి ఉంటే ఆకారం వల్ల పెద్దగా పోయేదేమీ లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద, విజయవాడ హైవే మీద వారం వారం తిరిగేవాళ్లకే సెడాన్ డబ్బు మిగులుస్తుంది. చిట్టాలో హైవే కిలోమీటర్లు వేరుగా రాయమన్నది ఇందుకే.

5. వెనక సీటు: పెద్దవాళ్లను కూర్చోబెట్టి చూడండి

అన్నిటిలోకీ ముఖ్యమైనది ఈ అంచె. సెడాన్‌ను వద్దనడానికి నిజమైన కారణం ఏదైనా ఉంటే అది ఇక్కడే ఎక్కువగా దొరుకుతుంది, గ్రౌండ్ క్లియరెన్స్‌లో కాదు.

ఇంట్లో అమ్మానాన్నలు రోజూ ఇబ్బంది లేకుండా కూర్చుని లేచే కుర్చీ ఎత్తు కొలవండి, సాధారణంగా 45 సెం.మీ. దగ్గర ఉంటుంది. షోరూంలో వెనక తలుపు తెరిచి నేల నుంచి సీటు అంచు వరకు కొలవండి. కుర్చీ కన్నా తక్కువైతే లేచేటప్పుడు మోకాళ్ల మీద భారం పడుతుంది. 10–15 సెం.మీ. ఎక్కువగా ఉంటే పక్కకు జరిగి కూర్చోవడమే, వంగనక్కర్లేదు. అంతకన్నా ఎత్తయితే మళ్లీ కష్టం: స్కార్పియో, ఫార్చూనర్ లాంటి వాటిలోకి ఎక్కడానికి కాలు పైకెత్తాలి, చీర కట్టుకున్నవాళ్లకు ఇంకా ఇబ్బంది. సెడాన్ కిందికి దిగాల్సిన బండి, పెద్ద ఎస్‌యూవీ పైకి ఎక్కాల్సిన బండి. మోకాళ్ల నొప్పులకు రెండూ మంచివి కావు. మధ్యస్థంగా ఉండే కాంపాక్ట్ ఎస్‌యూవీలు, ఎర్టిగా లాంటివి వాళ్లకు అన్నిటికన్నా సుఖం.

ఒకసారి కూర్చోబెట్టి "బాగుందా?" అని అడిగితే సరిపోదు. పెద్దవాళ్లు మొహమాటానికి బాగుందనే అంటారు. ఐదుసార్లు వరసగా ఎక్కి దిగమనండి. మూడోసారి నుంచి చెయ్యి తలుపు మీద ఆనిస్తున్నారా, తల చూరుకు తగలకుండా వంచుతున్నారా గమనించండి. సెడాన్‌లో చూరు వెనక్కి వాలుగా దిగుతుంది కాబట్టి ఎక్కేటప్పుడు తల కొట్టుకునే చోటు సరిగ్గా అదే.

తర్వాత పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చోమనండి. తొడలు సీటు మీద పూర్తిగా ఆనాలి. మోకాళ్లు పైకి లేచి తొడల కింద చెయ్యి దూరేంత సందుంటే రెండు గంటల ప్రయాణంలో నడుం పట్టేస్తుంది. చిన్న సెడాన్లలో ఈ లోపం ఎక్కువ, పెద్ద సెడాన్లలో తక్కువ. ఇక మోకాళ్లు బాగున్నవాళ్లకైతే, కాళ్లు చాపుకుని వెనక్కి వాలి కూర్చోవడానికి పెద్ద సెడాన్ వెనక సీటుకు సాటి వచ్చే ఎస్‌యూవీ అదే ధరలో దొరకడం కష్టం.

6. డిక్కీ: లీటర్లు నమ్మకండి, సూట్‌కేసు పెట్టి చూడండి

లీటర్లలో చూస్తే స్విఫ్ట్ 265, బ్రెజా 328, డిజైర్ 382, క్రెటా 433, సిటీ 506, వర్టస్ 521, వెర్నా 528. ఎర్టిగాలో మూడో వరస వాడితే 209 మాత్రమే, అంటే ఏడుగురు ఎక్కితే ఏడు చేతి సంచులే పడతాయి. "పెద్ద బండి కదా" అని కొని ఊరెళ్లే రోజున చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు.

సెడాన్ డిక్కీ లోతుగా, విడిగా ఉంటుంది. ఆవకాయ జాడీ వాసన, ఎండుచేపల వాసన లోపలికి రావు, సామాను ఎవరికీ కనబడదు, గట్టిగా బ్రేకు వేస్తే సూట్‌కేసు ఎవరి తలకూ తగలదు. కానీ తలుపు నోరు చిన్నది. ఫ్రిజ్ అట్టపెట్టె, పెద్ద టీవీ, పిల్లల సైకిల్ దూరవు. మూత వేసేటప్పుడు దాని వంకీ బద్దలు కొన్ని కార్లలో లోపలికి దిగి సంచులను నొక్కేస్తాయి. అందుకే మీ సూట్‌కేసు తీసుకెళ్లి, పెట్టి, మూత వేసి చూడమన్నది. నెలకోసారి ఊరి నుంచి బియ్యం బస్తాలు వస్తుంటే డిక్కీ గడప ఎత్తు కూడా కొలవండి. నడుం కన్నా ఎత్తుంటే బస్తా లేపడం కష్టం. సెడాన్‌లో గడప దాటించాక మళ్లీ లోపలికి దించాలి, తీసేటప్పుడు వంగి పైకి లాగాలి.

అమెరికా నుంచి వచ్చే పిల్లల కోసం శంషాబాద్‌కు వెళ్లే ఇళ్లకు ఒక లెక్క. మనిషికి రెండు పెద్ద పెట్టెల చొప్పున నలుగురు దిగితే ఎనిమిది పెట్టెలు. అవి ఏ సెడాన్‌లోనూ పట్టవు, క్రెటాలోనూ పట్టవు. ఆ పని క్యాబ్‌కు వదిలేయండి.

సీఎన్‌జీ తీసుకుంటే ఈ లెక్కలన్నీ మారతాయి. డిక్కీలో పెద్ద సిలిండర్ ఒకటి పెడితే సెడాన్‌లో సామాను చోటు దాదాపు పోయినట్టే. టాటా టిగోర్‌లో రెండు చిన్న సిలిండర్లను డిక్కీ నేల కింద పెట్టారు కాబట్టి కాస్త చోటు మిగులుతుంది.

7. టెస్ట్ డ్రైవ్ మీ దారిలో చేయండి

షోరూంవాళ్లు చూపే రోడ్డు నున్నగా ఉంటుంది. బండిని మీ ఇంటికి తెప్పించుకోండి. నలుగురు ఎక్కి, డిక్కీలో పెట్టెలు పెట్టి, తాడుతో కొలిచిన చోటికి తీసుకెళ్లండి. ఒక మనిషి బయట వంగి కింద ఎంత సందు మిగిలిందో చూడాలి.

తర్వాత 80 వేగంలో కిటికీలు మూసి వెనక కూర్చున్నవాళ్లతో మామూలు గొంతుతో మాట్లాడండి. ఎస్‌యూవీ, హ్యాచ్‌బ్యాక్‌లలో సామాను గది కూడా క్యాబిన్‌లో భాగమే కాబట్టి వెనక చక్రాల చప్పుడు లోపలికి వస్తుంది. సెడాన్‌లో సీటు వెనక అడ్డు ఉంటుంది. ఏసీ చల్లబరచాల్సిన చోటూ తక్కువే, మే నెల మధ్యాహ్నం ఆ తేడా తెలుస్తుంది.

తిరుమల ఘాట్, మారేడుమిల్లి, అరకు దారుల్లో వాంతులు చేసుకునే పిల్లలుంటే మలుపుల పరీక్ష తప్పనిసరి. ఎత్తు బండి ప్రతి మలుపులోనూ పక్కకు ఒరిగి మళ్లీ లేస్తుంది, వెనక కూర్చున్నవాళ్ల కడుపులో తిప్పేది ఆ ఊపే. బరువు కిందుండే సెడాన్ తక్కువ ఒరుగుతుంది.

నడిపేవాళ్లు పొట్టిగా ఉంటే సీటు ఎత్తు పెంచే మీట ఉన్న వేరియంటే చూడండి. రాత్రి పూట కూడా ఒకసారి నడపండి. సెడాన్‌లో కింద కూర్చుంటాం కాబట్టి వెనక వచ్చే ఎత్తు బండ్ల లైట్లు అద్దంలో నేరుగా కళ్లలో పడతాయి, లోపలి అద్దం దానంతట అది మసకబారే రకమైతే ఆ బాధ తగ్గుతుంది.

సెడాన్ కొన్నాక ఎక్కడ దెబ్బతింటుంది

టైర్లు మొదటిది. టాప్ వేరియంట్‌లో పెద్ద అల్లాయ్ చక్రాలు అందంగా ఉంటాయి, టైరు గోడ మాత్రం పలచబడుతుంది. సిటీ పై వేరియంట్ల 185/55 ఆర్16 టైరు గోడ 102 మి.మీ., కింది వేరియంట్ల 185/60 ఆర్15 టైరుది 111. గతుకులో పడితే పలచటి గోడ రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పక్కన బుడగ లేస్తుంది. బుడగ వచ్చిన టైరుకు రిపేరు లేదు, మార్చాల్సిందే. పల్లె రోడ్లు ఎక్కువైతే చిన్న రిమ్ములున్న వేరియంట్ తీసుకోండి. నిండుగా వెళ్లేటప్పుడు డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కర్ మీద నిండు బరువుకు రాసిన గాలి పెట్టించండి.

ఎత్తు పెంచడానికి స్ప్రింగుల మధ్య రబ్బరు ముక్కలు పెట్టే షాపులున్నాయి. అవి స్ప్రింగ్ నొక్కుకోవాల్సిన చోటును మింగేస్తాయి, బండి కటువుగా ఎగురుతుంది, వారంటీ దగ్గర పేచీ వస్తుంది. నిటారైన స్పీడ్ బ్రేకర్‌ను దాటడానికి ఖర్చు లేని పద్ధతి ఉంది. ముందు పూర్తిగా ఆగి, బ్రేకు వదిలి, ఏటవాలుగా ఒక్కో చక్రం ఎక్కేలా నెమ్మదిగా వెళ్లండి. బ్రేకు నొక్కుతూ ఎక్కితే ముక్కు వంగి తప్పకుండా తగులుతుంది. ఎదురుగా బండ్లు వస్తుంటే మాత్రం ఏటవాలుగా వెళ్లకండి.

వానాకాలం నీళ్ల విషయంలో ఎవరూ ధైర్యం చేయకూడదు, ఎస్‌యూవీ వాళ్లు కూడా. నిలిచిన నీరు చక్రం నడిమికి దగ్గరైతే ఆగిపోండి. గాలి పీల్చే గొట్టంలోకి నీళ్లు వెళ్తే సిలిండర్‌లో నీరు నొక్కుకోదు, ఇంజన్ లోపలి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి, తోయించి బయటికి తెచ్చి మెకానిక్‌కు అప్పగించండి. సెల్లార్‌లోకి నీళ్లు వచ్చే అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఇన్సూరెన్స్‌లో ఇంజన్ ప్రొటెక్ట్ కవర్ తప్పక తీసుకోవాలి. మామూలు పాలసీలో ఈ నష్టానికి చాలాసార్లు డబ్బు రాదు.

సెకండ్ హ్యాండ్‌లో సెడాన్ చూస్తుంటే

పాత సెడాన్లు అదే వయసు ఎస్‌యూవీల కన్నా తరచుగా తక్కువ ధరకు దొరుకుతాయి, కొనేవాళ్లకు ఇది మంచి అవకాశం. 2025లో ఆగిపోయిన సియాజ్ 510 లీటర్ల డిక్కీతో, విశాలమైన వెనక సీటుతో ఇంటి వాడకానికి చాలా మంచి బండి.

చిన్న సెడాన్‌లో మాత్రం ట్యాక్సీగా తిరిగిందేమో చూడాలి. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి వాహనం తరగతి చూడండి, పాత ఆర్‌సీ కాపీ అడగండి. మీటరు 40,000 చూపిస్తూ క్లచ్, బ్రేకు పెడల్ రబ్బర్లు నున్నగా అరిగిపోయి ఉంటే, డ్రైవరు సీటు కుడి అంచు కుంగి ఉంటే ఆ మీటరును నమ్మకండి. బండిని లిఫ్ట్ ఎక్కించి ఇంజన్ కింది ప్లాస్టిక్ కవచం, ఆయిల్ సంపు (ఇంజన్ ఆయిల్ నిలిచే అడుగు పాత్ర), మధ్యలో సైలెన్సర్ గొట్టం మీద గీతలు చూడండి. ప్లాస్టిక్ మీద గీతలు మామూలే. సంపు మీద సొట్ట ఉంటే, ఆయిల్ చెమర్చి ఉంటే ధర తగ్గించమని అడగక్కర్లేదు, ఆ బండి వదిలేసి ఇంకోటి చూడండి.